కాలువకు కట్టిన చీర

మా ఊరి గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన వ్యాసాల పుస్తకం ఒకటి ఉంది. మొదటి పుటలు చిరిగిపోవడంతో రాసినవారి పేరు తెలియదు. ఎండాకాలంలో ఒక వాగు ఇంకిపోవడం గురించి అందులో ఎనిమిది పేజీల వ్యాసం ఉంది. దాన్ని మొదటిసారి కుట్టుమిషను బల్ల మీద పెట్టుకుని చదివాను. ఆఖరి పేజీకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పుడే జాకెట్టు కోసం వచ్చిన పక్కింటి అక్క గుమ్మంలోనే ఆగిపోయి, ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదక్కా, ఒక వాగు ఎండిపోయింది అన్నాను.

ఆమె నా వంకా, మిషను వంకా చూసింది. "పుస్తకంలో వాగెండితే ఏడుస్తున్నావు. నా జాకెట్టు ఈ ఎండాకాలం పోయేలోపన్నా ఇస్తావా?" అంది.

ఆమె వెళ్లాక నవ్వుకున్నాను గాని, మనసు మాత్రం ఆ వాగు దగ్గరే ఉండిపోయింది. నేను ఆ వాగు చూడలేదు. అది ఏ ఊరిదో కూడా రాయలేదు. మరి ఎందుకు ఏడ్చినట్టు? ఎవరైనా మంచి కుట్టు జాకెట్టు తెస్తే, వాళ్లకు తెలియకుండా లోపలి కుట్లు తిరగేసి చూస్తాను. చంక దగ్గర గుడ్డ ఎంత వదిలారు, ఎక్కడ మడత పెట్టారు, ఆ నిండుతనం ఎక్కడినుంచి వచ్చింది అని. అలాగే ఈ వ్యాసాన్నీ విప్పి చూడాలనిపించింది. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు పెట్టకూడదు గనుక మొత్తం వ్యాసాన్ని పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివినదంతా ఆ గ్రంథాలయంలోనే, బస్సులు ఆగే చోటు వెనక ఉన్న ఆ రెండు గదుల్లోనే. నాలుగు బీరువాల్లో మూడింటిని దాదాపు పూర్తి చేశాను. అప్పుడప్పుడు సొంతంగా ఏవో రాసుకునేదాన్ని కూడా. మా వీధిలో డిగ్రీ చదివినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లకు తెలియనివి నాకు తెలుసునని లోపల గర్వంగా ఉండేది. ఇప్పటికీ కొంత ఉంది. ఆ గర్వంతోనే మా ఆయన చూపు విషయంలో ఒక తప్పు చేశాను. వాగు వ్యాసం నాకు ఏం నేర్పిందో చెప్పాలంటే ముందు అది చెప్పాలి.

మా ఆయన సాగర్ కుడి కాలువ మీద లస్కరుగా చేశాడు. గట్టు వెంట తిరుగుతూ, షట్టర్లు చూసుకుంటూ, నీటి మట్టం కొలిచి పైవాళ్లకు చెప్పే పని. కాలువ గోడ మీద అడుగుల లెక్క రాసిన పట్టీ ఉంటుంది. దాన్ని గేజీ అంటారు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజీ చూసి, రిజిస్టరులో రాసి, సెక్షన్ ఆఫీసుకు ఫోను చేయాలి. ఇరవై రెండేళ్లు ఆ పని చేశాడు. పెళ్లయిన కొత్తలో నేను అన్నం తీసుకుని గట్టు మీదికి వెళ్లేదాన్ని. గేజీ చూడకుండానే, కాలువ చప్పుడు విని మట్టం చెప్పి, తర్వాత పట్టీ చూపించి నన్ను ఆశ్చర్యపరిచేవాడు.

ఆయనకు నలభై ఎనిమిదేళ్లప్పుడు మొదలైంది. గుమ్మం దాటేటప్పుడు భుజం తలుపుకు తగిలేది. పక్కనే పెట్టిన చెంబు కనపడక తన్నేసేవాడు. వీధి దీపం చుట్టూ రంగుల చక్రాలు కనపడుతున్నాయని ఒకరోజు నవ్వుతూ చెప్పాడు. నేను గ్రంథాలయానికి వెళ్లి కంటి జబ్బుల మీద ఉన్న పాత పుస్తకం తెచ్చాను. సగం చదివి, ఇది శుక్లం అని తేల్చాను. శుక్లం బాగా ముదిరిన తర్వాతే తీయాలి, పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే కన్ను చెడుతుంది అని అందులో రాసి ఉంది. ఆ పుస్తకం ఎప్పటిదో చూడలేదు. అదే పుస్తకంలో ఇంకొన్ని పేజీల తర్వాత మరో జబ్బు గురించి, దీపం చుట్టూ రంగుల చక్రాల గురించి, వెంటనే వైద్యం చేయించకపోతే పోయిన చూపు తిరిగి రాదని ఉంది. అంతవరకు నేను వెళ్లలేదు. కావలసింది దొరికిందనుకుని మూసేశాను.

మా ఆయన దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు. సెక్షన్ ఆఫీసులో ఇంజినీరు గారు ఉచిత కంటి పరీక్షలు పెడుతున్నారు, వెళ్లి చూపించుకో అన్నప్పుడు, "తొందరేంది సార్, ముదరాలంట. మా ఇంటిది పుస్తకంలో చూసింది" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నాతో చెప్పి, ఇంజినీరుకే తెలియలేదు చూశావా అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

అలా రెండేళ్లు ముదరడం కోసం చూశాం.

ఆఖరికి వెళ్లిన గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. శుక్లం కాదు, నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది, పోయింది పోయినట్టే, మిగిలినదాన్ని చుక్కలతో నిలుపుకోవాలి అంది. తర్వాత కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండానే, ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడిగింది.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆయన అన్నాడు. "కాలవ పని మేడం. తీరికుండదు."

నేను నోరు మూసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఆయనే తీసుకున్నాడు. నరసరావుపేట వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఏం కనపడుతోందని నేను అడగలేదు. ఆ తర్వాత చుక్కలు వేళకు వేస్తూ వచ్చాను, ఒక్క పూట తప్పకుండా. అయినా ఏడాదిన్నరలో మిగిలింది కూడా పోయింది. ఇప్పుడు పగలని, రాత్రని మాత్రం తెలుస్తుంది.

వాగు వ్యాసం నా చేతికి వచ్చింది ఆ ఏడాదిన్నర తర్వాతే.

అప్పటికి ఆయన పని మానేసి వసారాలో నులకమంచం మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. వానాకాలం మొదలై సాగర్‌లో నీళ్లు నిండుతున్నాయని వార్తల్లో వినేవాడు. కాలువకు నీళ్లు వదులుతారని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే అడగడం. నీళ్లొచ్చాయా, మన గేజీ దాకా వచ్చాయా అని. కాలువ మా ఇంటికి రెండు కిలోమీటర్లు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను రమ్మన్నాను. రానన్నాడు. గట్టు మీద అందరూ ఎరిగినవాళ్లే, ఆ గట్టు మీద ఒకరి చెయ్యి పట్టుకుని నడవలేను, నువ్వెళ్లి చూసొచ్చి చెప్పు అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు రాస్తావు గదా. రాసుకొచ్చి చదువు" అన్నాడు.

ఆ మాట నన్ను నేల మీద నిలవనివ్వలేదు. ఆయన కళ్లకు నేను చేసినదానికి నా కలంతో ఏదో కొంత తీర్చగలనేమో అనుకున్నాను. వినడానికి మోటుగా ఉన్నా నిజం ఇదే. ఆయనకు కాలువ కావాలి. నాకు క్షమాపణ కావాలి. రెండూ ఒకే కాగితం మీద దొరుకుతాయని ఆశపడ్డాను.

మొదటిసారి వెళ్లినప్పుడు కాలువలో పాత నీళ్లే, మడుగుల్లా అక్కడక్కడా ఉన్నాయి. గట్టు మీద పావుగంట నిలబడ్డాను. ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను. అప్పటిదాకా చదివినవన్నీ అందులో దింపాను. కృష్ణమ్మ బిడ్డ కాలువమ్మ, వెండి జరీ అంచు చీర కట్టుకుని, సూర్యుడి కుంకుమ నుదుట దిద్దుకుని, పల్నాటి నేల గుండెల మీద నడిచి వస్తోందని రాశాను. ఆకాశం అద్దం చూసుకుంటోందని రాశాను. చదువుతుంటే నా గొంతు నాకే వణికింది.

ఆయన చివరిదాకా విన్నాడు. మీసం కింద నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తోంది.

"ఏమే, కాలవకు చీర కట్టావేంది?" అన్నాడు. "జాకెట్టు కూడా కుట్టావా? గేజీ ఎంతుందో చెప్పలేదు. నీళ్లు ఏ రంగున ఉన్నయ్యో చెప్పలేదు. అసలు పోయినావా, ఇంట్లో కూర్చుని రాశావా?"

నాకు చాలా కోపమొచ్చింది. వెళ్లాను గదా, కాళ్లకు బురద చూడు అనబోయి ఆగిపోయాను. ఆయన చూడలేడు. ఆ నాలుగు పేజీలు మడిచి గుడ్డ ముక్కల సంచిలో పడేశాను.

తర్వాత రెండు వారాలు వాగు వ్యాసాన్ని విప్పుతూ కూర్చున్నాను. మొదట దుఃఖం, బాధ, కన్నీళ్లు, వేదన, ఇలాంటి మాటలు ఎన్నిసార్లు ఉన్నాయో చూశాను. ఎనిమిది పేజీల్లో ఒక్కటీ లేదు. చదివి నేను ఏడ్చాను, రాసినవారు ఏడుస్తున్నట్టు ఎక్కడా చెప్పలేదు. నా నాలుగు పేజీల్లో అలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి సిగ్గుపడ్డాను.

తర్వాత వాక్యాల పొడవు కనిపెట్టాను. వాగులో నీళ్లున్నప్పుడు వాక్యాలు పొడుగ్గా, రాళ్ల చుట్టూ తిరుగుతూ, ఒకదాంట్లో ఇంకొకటి కలుస్తూ సాగుతాయి. నీళ్లు తగ్గేకొద్దీ వాక్యాలూ తెగుతాయి. ఆఖరి పేజీలో మూడు మాటలు దాటిన వాక్యం లేదు. నాకు ఊపిరి ఆడనట్టు అనిపించింది అందుకేనని అప్పుడు తెలిసింది. ఆ పేజీ పైకి చదివితే గొంతు ఎండిపోతుంది, నిజంగానే.

నీళ్లు ఎంత తగ్గాయో ఆ రచయిత అంకెల్లో చెప్పలేదు. ఆడవాళ్లు ఇసకలో తవ్వే చెలమ గురించి చెప్పారు. మొదట మణికట్టు ముంచితే నీళ్లు అందేవి. తర్వాత మోచెయ్యి. తర్వాత ఒకామె బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి చాపితే గాని గిన్నె మునగలేదు. ఆ తర్వాత చెలమ మాటే ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చదివేవాళ్లకు తెలుసు.

అన్నిటికంటే ఆలస్యంగా నాకు కనపడింది చెప్పుల సంగతి. మొదటి పేజీలో స్నానానికి దిగేటప్పుడు ఒడ్డున బండ మీద రెండు జతల చెప్పులు విడిచి ఉంటాయి. ఎవరివో చెప్పరు. ఐదో పేజీలో అదే బండ మీద ఒక జతే ఉంటుంది. దాని గురించి కూడా ఒక్క ముక్క చెప్పరు. వెంటనే ఎండిన చేప పొలుసుల గురించి మొదలవుతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ చెప్పులను గమనించనేలేదు. గమనించకుండానే నా లోపల ఎక్కడో లెక్క తేలి ఉంటుంది. వాగు కోసం ఏడ్చాననుకున్నాను. ఏడ్చింది ఆ రెండో జత కోసం.

ఇది కనిపెట్టిన రోజు గ్రంథాలయంలో పేపరు చదువుకునే పెద్దాయనకు చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నువ్వు ఎమ్మే చదవాల్సిందానివమ్మా" అన్నారు. ఇంటిదాకా ఆ మాట నెమరేసుకుంటూ నడిచాను. రాయడంలో ఉన్న కిటుకు దొరికిందనుకున్నాను. పెద్ద మాటలు వద్దు. కంటికి కనపడినవే రాయాలి. అసలైనది చెప్పకుండా వదిలేయాలి.

నీళ్లు వస్తున్న రోజు పొద్దున్నే వెళ్లాను. గేజీ పక్కన కాలువలోకి దిగే నాపరాతి మెట్లున్నాయి. పై మెట్టు మీద నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. కాలువ అడుగున ఒండ్రు నెర్రెలు విచ్చి ఉంది. నీళ్లు రావడానికి ఇంకా గంట పట్టేట్టుంది. ఊరికే కూర్చోలేక మెట్లు దిగాను. పక్కగోడ రాతి మీద చెయ్యి ఆనించినప్పుడు వేళ్లకు ఏదో తగిలింది.

గాట్లు. ఉలితో కొట్టిన గాట్లు, ఒకదాని కింద ఒకటి, అరడుగుకొకటి. అడుగు నిండినచోట గాటు లోతుగా ఉంది. అంచులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. పైనుంచి కిందికి లెక్కపెట్టాను. పదకొండు.

అవి ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఆయన దగ్గరే పని నేర్చుకుని ఆయన స్థానంలోకి వచ్చిన కొత్త లస్కరు గట్టు మీద సైకిలు ఆపి పలకరించాడు. అన్న ఎట్టా ఉన్నాడక్కా అని అడిగి, నా చెయ్యి గోడ మీద ఉండటం చూసి, ఇంటి మనిషికి తెలియకపోవడం ఏమిటన్నట్టుగా తనే చెప్పాడు.

"అన్న కొట్టినయ్యే అక్కా. పట్టీ మీద అంకెలు కంటికి ఆనక, మెట్లు దిగి నీళ్లలో చెయ్యి పెట్టి తడుముకునేవాడు. ఎన్ని గాట్లు మునిగితే అంత గేజీ. రెండేళ్లు అట్టానే చెప్పాడు. ఒక్కపూట తప్పు పోలా."

అతను వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. రెండేళ్లు. ఇంట్లో నేను శుక్లం ముదరనీ అంటున్న రెండేళ్లు. పొద్దున, సాయంత్రం ఆయన ఈ మెట్లు దిగి, రాతిని తడుముకుని, పైకొచ్చి ఫోను చేసి అంకె చెప్పి, ఇంటికొచ్చి నేను పెట్టిన అన్నం తిన్నాడు. చూపు అంతగా పోతోందని నాతో అనలేదు. ముదురుతోందని సంతోషపడ్డాడేమో. పూర్తిగా ముదిరితే తీసేస్తారు గదా అని ఎదురుచూశాడేమో. అది నేను ఆయనకు పెట్టిన ఆశ.

ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. ముందు కొంగలు వచ్చాయి. నీళ్లకు పది గజాల ముందు కాలువ అడుగున నడుచుకుంటూ, నెర్రెల్లోంచి బయటికి దూకే పురుగులను ఏరుకుంటూ వచ్చాయి. వాటి వెనక నీళ్లు, నడిచే మనిషంత నెమ్మదిగా. ముందంచున నురుగు, తుమ్మకాయలు, ఒక ఎర్రటి ప్లాస్టిక్ మూత. ఎండిన దుమ్ము తడవక ముందు నీటి మీద కాసేపు తేలి, అప్పుడు మునిగింది. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే ఒక్కో నెర్రె నుంచి గుడగుడమని బుడగలు. కుంకుడుకాయ పులుసు రంగు నీళ్లు. అవతలి గట్టున మేకలు మేపుతున్న ముసలామె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని మొహం మీద చల్లుకుంది. మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. మధ్యాహ్నానికి గేజీ రెండడుగులు.

ఇవన్నీ రాశాను. గాట్ల గురించి రాయలేదు. అది చెప్పకుండా వదిలేసిన అసలు సంగతి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వాగు వ్యాసం రాసినవారు చేసిందే నేనూ చేస్తున్నానని అనుకున్నాను.

సాయంత్రం మంచం పక్కన పీట వేసుకుని చదివాను. ఈసారి ఆయన నవ్వలేదు. కొంగల దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. ఎన్ని కొంగలని అడిగాడు. లెక్కపెట్టలేదన్నాను. మొదటి రోజు పది, పన్నెండు ఉంటాయని తనే చెప్పాడు. దుమ్ము తేలి మునగడం దగ్గర అవునన్నట్టు తల ఊపాడు. బుడగల దగ్గర ఆయన పెదవులు కదిలాయి, ఆ చప్పుడు తను చేస్తున్నట్టు. మేకలామె దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. చూపు లేని కళ్ల నుంచీ నీళ్లు వస్తాయి. వాటిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. నా వాక్యాలకు ఆయన ఏడ్చాడు. ఒక్క క్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు గర్వమేసింది.

చదవడం అయిపోయాక ఆయన మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు.

"బాగుంది. కాలవ కనపడింది" అన్నాడు. తర్వాత అన్నాడు. "నీళ్లు ఎక్కేది మెట్టు మెట్టుకీ చెప్పావు. గేజీ కాడికొచ్చేసరికి గబుక్కున అంకె చెప్పి లేచొచ్చావేంది?"

నేను కాగితాలు సర్దుతున్నాను.

"గాట్లు చూశావా?"

చూశానన్నాను.

"మరి రాయలేదే."

అప్పుడు కూడా నేను చదువు మాటలే మాట్లాడాను. కొన్ని చెప్పకుండా వదిలేస్తేనే చదివేవాళ్లకు ఎక్కువగా తగులుతాయని, వ్యాసంలో అదొక పద్ధతని, వాగు గురించి రాసినవారు అలాగే చేశారని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నాకు కనపడదు గదే" అన్నాడు. "ఉన్నదాన్ని వదిలేస్తే నాకెట్టా తెలిసిద్ది?"

పీట మీద నుంచి లేవబోయాను. ఆయన చెయ్యి గాలిలో వెతికి నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు అనేశాను. గుంటూరులో డాక్టరమ్మ ముందు అనవలసిన మాట. నేను ఆ పుస్తకం తేకపోతే నువ్వు ఆ కంటి పరీక్షలకు వెళ్లేవాడివి గదా అన్నాను.

ఆయన వెంటనే కాదంటాడని నాలో ఎక్కడో ఆశ ఉంది. రాత అని, గ్రహచారం అని, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆయన అనలేదు.

"పోయేవాణ్ణే" అన్నాడు.

చెయ్యి మాత్రం వదల్లేదు.

"నువ్వు చెప్పావని ఆగాను. కాదంటే అబద్ధం. డాక్టరమ్మ కాడ కాలవ పని అన్నాను, పదిమందిలో నిన్ను మాట అనిపించడం ఇష్టం లేక. ఇక్కడ మనిద్దరమే గదా. ఆ గాట్లు కొట్టినరోజు ఎంత భయపడ్డానో నీకు తెలుసా? ఉలి ఎక్కడ పడుతుందో ఆనేది కాదు. వేలు నలిగింది. తలుపు సందులో పడిందని నీకు చెప్పాను. నువ్వు పసుపు పెట్టి కట్టు కట్టావు. అది రాయి. కొంగలు నేను చూసినయ్యే. ఇది నువ్వు చూడంది."

ఆ కట్టు నాకు గుర్తుంది. ఎడమచేతి చూపుడు వేలు. తలుపు కూడా చూసుకోవా అని కసిరాను కూడా.

ఆ రోజు నాకు వాగు వ్యాసం మళ్లీ చదవవలసిన పని లేకుండానే దానిలో నేను చూడనిది కనపడింది. ఆ రచయిత మనిషి పోవడం గురించి చెప్పలేదు, నిజమే. కాని చెప్పులను చెప్పారు. బండ మీద పెట్టారు, మన కళ్ల ముందు. తమ బాధ పేరు దాచారు గాని బాధ ఉన్న చోటును దాచలేదు. నేను పేరును దాచాను, చోటునూ దాచాను. మెట్ల దాకా ఆయన్ను నడిపించుకుంటూ వెళ్లి, గాట్లకు నా వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను. ఎమ్మే చదవాల్సిందానివని మాస్టారు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

మళ్లీ రాశాను. మూడు రోజులు పట్టింది. గాట్లు ఎలా ఉన్నాయో, ఎంతెంత దూరంలో ఉన్నాయో, రెండోదాని పక్కన ఉలి జారి గీరుకున్న గీత ఎంత పొడవుందో రాశాను. వేలికి కట్టిన గుడ్డ ఏ జాకెట్టు ముక్కో రాశాను. ఆ పాత పుస్తకం సగంలో ఎక్కడ మూసేశానో రాశాను. నన్ను క్షమించమని రాయలేదు. ఆ మాట పెట్టిన ప్రతిసారీ వాక్యం నా వైపు తిరిగిపోతోంది, గాట్లు వెనక్కి వెళ్లిపోతున్నాయి. అందుకని తీసేశాను.

చదివినప్పుడు ఆయన ఏడవలేదు. గోడకు తల ఆనించి విన్నాడు. పుస్తకం మూసేసిన చోటు వచ్చినప్పుడు ఆగాను. చదువు అన్నాడు. చదివాను. అయిపోయాక గాట్ల దగ్గర మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"పదకొండు కాదు. పన్నెండు" అన్నాడు. "అన్నిటికన్నా కిందది ఒండ్రులో ఉంటది. నీకు కనపడి ఉండదు."

మర్నాడు పొద్దున వెళ్లాను. నీళ్లు బురదరంగులోనే ఉన్నాయి, మెట్లు నాలుగు మునిగి ఉన్నాయి. చెప్పులు గట్టు మీద విడిచి, చీర మోకాళ్ల పైకి దోపుకుని, గోడ పట్టుకుని దిగాను. పైనుంచి ఏమీ కనపడలేదు. ఇంకో మెట్టు దిగి కాలితో వెతికాను. నీటి లాగుడుకు పాదం నిలవలేదు. ఒండ్రు మెత్తగా, చల్లగా వేళ్ల సందుల్లోకి వచ్చింది. చాలాసేపు అటూ ఇటూ రాసిన తర్వాత బొటనవేలికి తగిలింది. మిగతావాటికంటే లోతు తక్కువ, కాస్త వంకర. మొదట కొట్టింది అదేనేమో, చెయ్యి ఇంకా కుదరక ముందు.

కాసేపు వేలు అక్కడే ఉంచాను.

ఇంటికొచ్చి కాగితంలో పదకొండు కొట్టేసి పన్నెండు అని రాశాను. దొరికింది, వంకరగా ఉంది అని చెప్పాను. ఊ అన్నాడు. గేజీ ఎంతని అడిగాడు. రెండున్నర అన్నాను.